మాగాణిలో మినుము, మెరకలో పెసర – నా అనుభవం

మా పొలం తెనాలి దగ్గర, నేనుండేది విజయవాడలో. నాన్నకు మోకాళ్లు సహకరించడం మానేసిన దగ్గర్నుంచి వ్యవసాయం నా మీద పడింది, అదీ శని ఆదివారాల్లో, మధ్యలో దొరికిన సెలవుల్లో. 2024లో సార్వాకి, అంటే వానాకాలం పంటకి, అందరిలాగే బీపీటీ వరి వేశాం. రెండో పంట దగ్గరికి వచ్చేసరికి చుట్టుపక్కల అందరూ మొక్కజొన్న అంటుంటే నేను మినుము అన్నాను. ఊళ్లో సగం మంది నవ్వారు, మిగతా సగం "విత్తనం మిగిలితే చెప్పు" అన్నారు. ఆ సీజన్ ఎలా నడిచిందో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇది.

ముందు ఈ నవ్వు ఎందుకో చెప్పాలి. ఒకప్పుడు కృష్ణా డెల్టాలో వరి కోతలవగానే ఎటు చూసినా మినుమే ఉండేది. దున్నే పని లేదు, నీరు పెట్టే పని లేదు, వరి చేలో మిగిలిన తడికీ, పైన కురిసే మంచుకీ పండే పంట. గుంటూరు దగ్గర లాం ఫారం, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం, వాళ్ల ఎల్‌బీజీ 17, అదే కృష్ణయ్య రకం, పేరు మా నాన్న తరం రైతులు ఇప్పటికీ ఇంట్లో మనిషి పేరులా తలుచుకుంటారు. తర్వాత పల్లాకు తెగులు పట్టుకుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, చేను మొత్తం పసుపు పచ్చగా మారిపోయి కాయ నిలవకపోయేసరికి జనం విసిగిపోయారు, అదే సమయంలో దుక్కి లేకుండా మోళ్ల మధ్యే మొక్కజొన్న గింజ నాటే పద్ధతి వచ్చింది, డబ్బు బాగా కనిపించింది, అంతే, మినుము పక్కకెళ్లింది. మొక్కజొన్న తప్పని నేను అనను. కానీ దానికి నీళ్లు కావాలి, యూరియా బస్తాలు కావాలి, వారం వారం మనిషి ఉండాలి. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ నాకది కుదరదు. నా లెక్క చాలా సింపుల్: పెట్టుబడి తక్కువ ఉండాలి, పోయినా అప్పు మిగలకూడదు.

అయితే ఒకటి మాత్రం దిగాకే అర్థమైంది. మినుములో పని తక్కువే, కనిపెట్టుకుని ఉండటం మాత్రం చాలా ఎక్కువ. మొక్కజొన్నలో ఒక తడి ఆలస్యమైతే మరో తడితో సర్దుకోవచ్చు. ఇందులో సర్దుకోవడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

విత్తనం సంగతి. ఎల్‌బీజీ 752 వేయమని మా పక్క చేను బాబాయి పట్టుబట్టాడు, "పల్లాకు రాకపోతే దాని కాపే కాపురా" అని. ఆ "రాకపోతే" దగ్గరే నాకు టెన్షన్. పల్లాకును తట్టుకునే రకాల్లో మాకు దొరికేవి ఎల్‌బీజీ 787, టీబీజీ 104. నేను టీబీజీ 104 తీసుకున్నాను, తిరుపతి పరిశోధన కేంద్రం రకం, గింజ నిగనిగలాడుతూ ఉంటుంది, డెబ్భై, డెబ్భై ఐదు రోజుల్లో వచ్చేస్తుంది. తట్టుకునే రకం అంటే అసలు రాదని కాదు, వచ్చినా చేను మొత్తం తుడిచిపెట్టుకుపోదని. మా పొలంలో కాలువ కట్ట వైపు ఒక మెరక చెక్క ఉంది, అక్కడ తడి తొందరగా ఆరిపోతుంది. దానికి పెసర మంచిదనిపించింది, ఎందుకంటే పెసర అరవై, అరవై ఐదు రోజుల్లోనే అయిపోతుంది. అందులో ఐపీఎం 2-14 వేశాను. మాగాణిలో చల్లడానికి మినుము ఎకరానికి పదహారు కిలోలు, పెసర పది పన్నెండు కిలోలు పడుతుంది. దున్ని గొర్రుతో వేసే చేలో అయితే ఇంత అక్కర్లేదు, కానీ ఇక్కడ మోళ్ల మధ్య, కోసి పరిచిన వరి పనల కింద, మనుషుల కాళ్ల కింద కొంత పోతుంది, ఆ పోయేదాన్ని కూడా కలుపుకునే ఆ లెక్క.

విత్తన శుద్ధి చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం ఈ పంటలో పెట్టిన ప్రతి రూపాయిలోకీ ఎక్కువ పని చేసింది అదే అనిపించింది. కిలో విత్తనానికి ఐదు మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ అనే పురుగు మందు పట్టిస్తే మొదటి మూడు వారాలు రసం పీల్చే పురుగు దగ్గరికి రాదు, మొక్క లేతగా ఉన్నప్పుడు తెల్లదోమ వాలితేనే పల్లాకు దెబ్బ ఎక్కువ కాబట్టి ఆ మూడు వారాలే కీలకం. ముందు తెగులు మందు, ఆరాక పురుగు మందు, చివర్లో, చల్లడానికి కాసేపు ముందు, రైజోబియం, అంటే వేళ్ల బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే మేలు చేసే బ్యాక్టీరియా. ఈ వరస తిరగేస్తే రైజోబియం చచ్చి ఊరుకుంటుంది. నీడలో బరకం పరిచి అమ్మ, నేను కలిసి పట్టించాం, చేతులకు కవర్లు కట్టుకుని. నాన్న మంచం మీద కూర్చుని "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అంటూనే, ఎక్కడ పట్టలేదో చూపిస్తూ ఉన్నాడు.

ఇక అసలు కథ చల్లడం దగ్గరే ఉంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోకి దిగి విత్తనం వెదజల్లాలి. అప్పుడు నేలలో పదును ఎలా ఉందన్నదాని మీదే మొత్తం పంట ఆధారపడి ఉంటుంది. నీరు నిలిచి ఉంటే గింజ కుళ్లిపోతుంది, నేల బిగుసుకుంటే మొలక రాదు, వచ్చినా కోత కోసేలోపు మాడిపోతుంది. బాబాయి నన్ను చెప్పులు విప్పించి చేలోకి దింపాడు. "అడుగు వెయ్. ముద్ర పడిందా? పడింది. అందులో నీరు ఊరిందా?" ఊరింది. "అయితే రేపు కాదు, ఎల్లుండి చూద్దాం." ఇది ఏ పుస్తకంలో చదివినా కాళ్లకు తెలిస్తే తప్ప తెలియదు. పైగా చేను అంతా ఒకేలా ఉండదు, మురుగు బోదె పక్కన ఇంకా బురదే, మెరక వైపు అప్పటికే గట్టిపడుతోంది. అందుకని మెరక చెక్కలో పెసర ముందు చల్లి, పల్లంలో మినుము తర్వాత చల్లాం.

ఈ లోపు ఆకాశం వైపు చూపు ఒకటి. డిసెంబర్ మొదటివారం అంటే ఇక్కడ అందరికీ 2023 గుర్తొస్తుంది, మిగ్‌జాం తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో తేలాయి, అప్పటికే మినుము చల్లుకున్నవాళ్లు మళ్లీ విత్తనం కొనుక్కున్నారు, కొందరైతే ఆ ఏడాదికి వదిలేశారు. మాకు ఆ భయం తప్పింది, మబ్బు పట్టి బెదిరించి పోయింది.

కోత దగ్గర ఇంకో చిక్కు. ఇప్పుడు ఎవరూ చేత్తో కోయించడం లేదు, మిషనే. టైర్ల మిషన్ తడి చేలో దిగితే గాడులు పడి చల్లిన గింజ లోపలికి కూరుకుపోతుంది, చైన్ మిషన్ కొంత నయం, కానీ అది కూడా గడ్డిని వరసగా కుప్పలు పోసి వెళ్తుంది, ఆ గడ్డి కింద మొలకలు పైకి రాలేవు. మినుము చల్లిన చెక్క వరకూ మనుషులతో కోయించాను. ముఠా మేస్త్రి ముందు రానన్నాడు, మిషన్‌కు కాకుండా మాకెందుకు ఇస్తున్నావని అనుమానపడ్డాడు, చివరికి పొరుగూరు నుంచి ఆడవాళ్లను తీసుకొచ్చాడు. కూలి ఖర్చు మిషన్ కంటే చాలా ఎక్కువైంది, ఈ లెక్క దాచి మినుములో ఖర్చే లేదని చెప్పడం న్యాయం కాదు. పనలు నేల మీద ఎక్కువ రోజులు ఉంచకూడదు, కింద మొలకలు వెలుతురు లేక తెల్లగా, పీలగా సాగిపోతాయి, అందుకని తొందరగా తిరగేయించి, కట్టించి, గట్టు మీదికి చేర్చేశాం. పనలు తీసిన మర్నాడు పొద్దున చేను చూస్తే వరి మోళ్ల మధ్య రెండేసి ఆకులతో చిన్న చిన్న మొక్కలు. వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను, ఎవరికీ ఏమీ కనపడలేదట.

కలుపు సంగతి త్వరగా చెప్పేస్తాను. వరి దుబ్బులు మళ్లీ చిగురిస్తాయి, ఊద వస్తుంది, వీటితో పెద్ద బాధ లేదు. బాధంతా బంగారు తీగతో. ఆకు లేని పసుపు తీగ, మొక్కను చుట్టుకుని రసం పీల్చేస్తుంది, దాని గింజ విత్తనాల్లో కలిసి వస్తుంది, ఒకసారి చేలో పడితే ఏళ్ల తరబడి నేలలో ఉండిపోతుంది. వరి, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి మొక్కల్ని అది పట్టదు, అందుకే ఇన్నాళ్లు మొక్కజొన్న వేసిన మా చేలో పెద్దగా లేదు, అదొక లాభం. బోదె పక్కన రెండు చోట్ల కనపడితే చుట్టుకున్న మొక్కలతో సహా పీకి కాల్చేశాం, పూత రాకముందే. మిగతా కలుపుకు ఇరవై రోజులు దాటాక ఇమాజితాపిర్ అనే కలుపు మందు ఎకరానికి రెండు వందల మిల్లీలీటర్లు కొట్టించాం. కొట్టాక మినుము కూడా వారం పాటు వాడి పసుపు తిరిగినట్టు కనిపిస్తుంది, చూసి గుండె జారిపోతుంది, తర్వాత కోలుకుంటుంది. ఈ ముక్క ముందే తెలిసుంటే పల్లాకు అనుకుని కంగారుపడి మళ్లీ ఇంకో మందు కొట్టే పని ఉండదు.

చుట్టూ మొక్కజొన్న ఉండి మధ్యలో ఒక్కడే మినుము వేస్తే వచ్చే సమస్యలు ఎవరూ రాయరు, నాకు ఎక్కువ తలనొప్పి అక్కడే. మొక్కజొన్నకు తడి పెట్టినప్పుడల్లా గట్టు కింద నుంచి ఊట మా చేలోకి వచ్చేది. గట్టు పక్కన మూడు నాలుగు గజాల మేర మినుము ఎర్రబారి, పెరగడం ఆగిపోయింది. ఇక కలుపు మందు. మొక్కజొన్నలో కొట్టే అట్రజిన్ వెడల్పాకు మొక్కల్ని చంపేస్తుంది, మినుము వెడల్పాకు మొక్కే. గాలి మా వైపు ఉన్నప్పుడు పక్కవాళ్లు కొడితే మన పంట పోయినట్టే. బాబాయి చేనే పక్కన కాబట్టి అడిగే చనువుంది.

"బాబాయ్, నువ్వు కొట్టేటప్పుడు నాకు ఫోన్ చెయ్, నేను దగ్గరుండి చూసుకుంటా."

"నువ్వు దగ్గరుంటే గాలి ఆగుద్దా? పొద్దున్నే, గాలి లేనప్పుడు కొడతా, వెళ్లు."

మాట నిలబెట్టుకున్నాడు. అంతేకాదు, ఊట చూసి తనే గట్టు వెంట పార పట్టి చిన్న బోదె తీశాడు, నీరు మా చేలోకి రాకుండా మురుగులోకి పోయేలా. అవతలి పక్క చేను కౌలుది, ఆయన ఎవరో నాకు సరిగా పరిచయం లేదు, ఆ వైపు ఒక వరస మొత్తం ఆకులు ముడుచుకుపోయింది, గొడవ పెట్టుకోలేదు. ఊళ్లో పదిమంది కలిసి ఒకే చోట మినుము వేసుకుంటే ఈ బాధ ఉండదు. పాత రోజుల్లో అందరూ వేసేవాళ్లు కాబట్టి ఇవేవీ సమస్యలే కావు. పశువుల సంగతి కూడా అంతే, కోతలయ్యాక చేలన్నీ ఖాళీ అనుకుని వదిలేస్తారు, మన చేలో పంట ఉందని గేదెకేం తెలుసు.

పురుగులు, తెగుళ్లు. ఎకరానికి ఇరవై దాకా పసుపు జిగురు అట్టలు పెట్టమంటారు, పెట్టాను. వాటితో దోమ తగ్గిపోతుందన్న నమ్మకం నాకు లేదు, కానీ ఎప్పుడు పెరుగుతోందో కంటికి తెలుస్తుంది, నేను వారానికోసారి వచ్చేవాణ్ణి కాబట్టి అదే చాలు. అట్ట అంటుకున్న పురుగుతో నల్లబడితే ఎసిటామిప్రిడ్ అనే పురుగు మందు, లేకపోతే వేపనూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు. పల్లాకు వచ్చిన మొక్కలు అక్కడక్కడా కనపడ్డాయి, లేత ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసిపోయి ఉంటాయి. వాటికి మందు లేదు, పీకి పాతిపెట్టడమే. దుకాణంలో ఒకాయన పల్లాకు తగ్గే టానిక్ అంటూ ఒక సీసా చేతిలో పెట్టబోయాడు. వైరస్ పట్టిన మొక్కను బాగు చేసే మందు లేదు, దోమను ఆపడం వరకే మన పని, ఆ సీసా డబ్బు మిగిలింది.

సంక్రాంతికి పూత నిండుగా ఉంది. పొద్దున పొగమంచు పట్టేది, ఎనిమిదిన్నర తొమ్మిదయినా ఆకుల మీద నీరు కారుతూ ఉండేది, ఈ మంచుకే పంట బతుకుతుంది, ఈ మంచుకే బూడిద తెగులూ వస్తుంది. కింది ఆకుల మీద పిండి చల్లినట్టు కనపడగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కొట్టించాను, ఆగింది. పూతను గూళ్లు కట్టి లోపల తినే మారుకా పురుగు పెసరలో కాస్త ఎక్కువగా కనపడింది. నేలకు ఎరువు ఏమీ వేయలేదు, వరికి వేసినదాంట్లో మిగిలిందే. పూత, పిందె దశలో పొటాషియం నైట్రేట్ లీటరుకు పది గ్రాములు పైన పిచికారీ చేశాం. ఒక మొక్క పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు, గిల్లితే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉంటే నత్రజని పని జరుగుతున్నట్టు, బుడిపె బూడిద రంగులో ఉంటే లేనట్టు.

పెసర ముందు వచ్చింది. పెసరతో నాకు పెద్దగా కుదరలేదనే చెప్పాలి. కాయలు ఒకేసారి పండవు, ముందు పండినవి ఎండకు పగిలి గింజ రాల్చేస్తాయి, అందుకని ముందు ఒక విడత కాయలు ఏరించి తర్వాత మొక్క పీకించాం, ఏరిన కూలి లెక్కేస్తే ఆ మెరక చెక్క మీద మిగిలింది ఇంట్లో పెసరట్లకు, చుట్టాలకు పంచడానికి. అయినా ఫిబ్రవరి మొదట్లోనే చేను ఖాళీ అయింది. నీటి సౌకర్యం ఉన్నవాళ్లకు వెనక ఇంకేదైనా వేసుకోవడానికి అది మంచిదే.

మినుము కాయలు నల్లబడ్డాక, తెల్లవారుజామున మంచు తడి ఉండగానే పీకించాం, ఎండెక్కితే కాయ చిట్లుతుంది. మూడు నాలుగు రోజులు చేలోనే ఎండనిచ్చి, గట్టు పక్కన బరకాలు పరిచి ట్రాక్టర్‌తో తొక్కించాం. చాలామంది తారు రోడ్డు మీద పరిచి వచ్చే పోయే బండ్లతో తొక్కిస్తారు, రాత్రి బైకు మీద వచ్చేవాళ్లకు అది ఎంత ప్రమాదమో నేను విజయవాడ నుంచి వచ్చేటప్పుడు చూశాను, ఆ పని చేయకూడదనుకున్నా. తూర్పారబట్టడం ఇప్పుడు ట్రాక్టర్ ఫ్యాన్‌తో అరగంట పని. ఎకరానికి ఐదు క్వింటాళ్లకు కాస్త పైన వచ్చింది. గట్టు పక్క ఊట చెక్క, మందు పడ్డ వరస లేకుండా ఉంటే ఆరు వచ్చేదని బాబాయి అంటాడు. కట్టె, పొట్టు గేదెలున్నవాళ్లు ఎగబడి పట్టుకెళ్లారు, మినప పొట్టుకు ఉన్న గిరాకీ మొక్కజొన్న చొప్పకు ఉండదు.

అమ్మకం. ఆ ఏడాది మినుముకు మద్దతు ధర క్వింటాలుకు 7,400 రూపాయలు, పెసరకు 8,682. కళ్లం దగ్గరికి వచ్చిన బేరగాడు తేమ ఉందని, గింజ నిగారింపు తగ్గిందని, బర్మా సరుకు దిగిందని వరసగా మూడు కారణాలు చెప్పాడు. మొదటి రెండూ నిజం కాదు, మూడోది ప్రతి ఏడాదీ నిజమే, మన దేశానికి మినుము ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే కాబట్టి. ఈ-క్రాప్‌లో, అంటే ఎవరి చేలో ఏ పంట ఉందో రాసుకునే ప్రభుత్వ నమోదులో, మినుము అని ముందే నమోదు చేయించి ఉంచాను, ప్రభుత్వ కొనుగోలు జరిగితే అది లేకుండా తీసుకోరు. మా దగ్గర నమోదు చేసేవాళ్లు చాలాసార్లు చేలు చూడకుండానే మొక్కజొన్న అని రాసేస్తారు, మీరే వెళ్లి ఫోటో తీయించుకోవడం మేలు. ఇంకో రెండు రోజులు ఎండబెట్టి, తెనాలిలో మినపగుండ్లు చేసే మిల్లుకు నమూనా పట్టుకెళ్తే, కళ్లం ధరకన్నా క్వింటాలుకు నాలుగు వందలు ఎక్కువ పలికింది. కాటా దగ్గర తరుగు అని ఏదో అన్నారు, సంచి బరువు వరకే ఒప్పుకున్నాను. మొక్కజొన్న వేసిన బాబాయికి ఎకరం మీద నాకంటే ఎక్కువే మిగిలింది. కానీ ఆయన పెట్టిన పెట్టుబడి నాకు మూడింతలు పైన, అదీ ఎరువుల కొట్లో అప్పు.

విత్తనానికి కొంత ఉంచుకున్నాను. పల్లాకు లేని చోట మొక్కలు విడిగా పీకించి, విడిగా కొట్టించి, బాగా ఎండబెట్టాం, పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి అని అమ్మ కొలత. పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది, ఎండబెట్టకుండా మూట కడితే రెండు నెలల్లో గింజకో చిల్లు. మూత బిగుతుగా ఉండే డ్రమ్ముల్లో పోసి విజయవాడ తీసుకొచ్చేశాను, అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉన్నాయి. బాబాయి కూడా ఈసారి మా గట్టు పక్క ఎకరంలో మినుమే చల్లుతానంటున్నాడు. అక్టోబర్‌లో తడిగుడ్డలో వంద గింజలు చుట్టి మొలక చూసి, ఎనభై దాటితే ఆయనకు పదహారు కిలోలు ఇస్తానన్నాను.